ఏ సెమిస్టర్‌ల పంపమంటవు, అక్కా?

నేను ఏం ఉద్యోగం చేశానో మా గల్లీలో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కొందరు పాస్‌పోర్టు ఆఫీసనుకున్నారు, కొందరు విమానాశ్రయమనుకున్నారు. మా అమ్మ మాత్రం నల్లా దగ్గర బిందె పెట్టి, “మా సరోజ పిల్లలను బయటి దేశాలకు తోలిస్తది” అని నలుగురూ వినేలా చెప్పేది. ఆ మాట పట్టుకుని, పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన పొద్దున్నే మా ఒంటిగది ఖోలి ముందు నిలబడ్డాడు, తమ్ముణ్ణి దుబాయికి పంపమని. ఆయనకు చాయ్ ఇచ్చి, నేను పంపేది కాలేజీలో చదువుతున్న పిల్లలనే అని చెప్పాను. “సదువుతుంటే పంపుడేందమ్మా? సదువు అయినంక గద పోవుడు!” అని నా మీదే జాలిపడి వెళ్లిపోయాడు.

దక్షిణ ముంబయిలోని ఒక పెద్ద కాలేజీలో, విదేశీ చదువుల విభాగంలో సలహాదారుగా పనిచేసి రిటైరయ్యాను. మా తాత రాళ్లు మోయడానికి ఈ ఊరొచ్చాడు, మా నాన్న మేస్త్రి అయ్యాడు. నేను కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదువుకున్నాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు, అడ్రస్ దగ్గర కామాటిపుర అని చెప్పకు, రెడ్‌లైట్ సందులే గుర్తొస్తాయి, పక్కనున్న నాగ్‌పాడా అని చెప్పు చాలు అని ఒక శ్రేయోభిలాషి సలహా ఇచ్చింది. నేను కామాటిపుర అనే చెప్పాను. ఈ ఊళ్లో సగం గోడలు లేపిన కామాటీల, అంటే మా తెలుగు కూలీల, పేరు మీద ఉన్న పేట అది, నేనెందుకు దాచాలి? ఎదుటివాళ్లు ఒక్క క్షణం తలలు దించుకున్నారు. ఉద్యోగం మాత్రం వచ్చింది.

మీరు ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్నారు. ఫైళ్లు ఎలా పెట్టాలో, ప్రమోషన్ ఎలా కొట్టాలో మీకు ఎవరైనా నేర్పుతారు. ఆ పని లోపల ఏముంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

*దూరపు కొండలు*

కాలేజీకి కొన్ని విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందం ఉంటుంది. మన పిల్ల అక్కడికి వెళ్లి ఒక సెమిస్టర్ చదివి వస్తుంది. అక్కడి మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. మూడేళ్ల డిగ్రీలో ఆరు సెమిస్టర్లు. మొదటి ఏడాది కాలేజీ అంటే ఏమిటో తెలుసుకోవడానికే సరిపోతుంది. ఆఖరి సెమిస్టర్ ఇక్కడే చదవాలని మా కాలేజీ నియమం. మిగిలిన మధ్య భాగంలోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి. కొన్ని చోట్ల ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది కాబట్టి మీకు లెక్క కాస్త మారుతుంది. ఆలోచించే పద్ధతి మాత్రం అదే.

పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగేదంతా ఏ దేశం, ఏ ఊరు, అక్కడ మంచు పడుతుందా, మన అన్నం దొరుకుతుందా అనే. దూరపు కొండలు నునుపు కదా. రంగు పుస్తకంలో పచ్చిక మీద నవ్వుతూ కూర్చున్న పిల్లలను చూస్తే ఎవరికైనా రేపే వెళ్లాలనిపిస్తుంది. నేను పుస్తకం మూసి పక్కన పెట్టి, “ఎప్పుడు వెళ్దామనుకుంటున్నావు? అప్పుడే ఎందుకు?” అని అడిగేదాన్ని. సగం మంది దగ్గర జవాబు ఉండేది కాదు.

నేను చేరిన కొత్తలో, సీటు ఖాళీగా పోతుందని రెండో ఏడు మొదట్లోనే ఒక అమ్మాయిని తోలేశారు. అప్పటి అధికారికి సీటు నిండితే చాలు. ఆ పిల్లకు మన లైబ్రేరియన్‌ని పుస్తకం అడగడమే అప్పుడప్పుడే అలవాటవుతోంది. అక్కడ ప్రొఫెసర్‌ని ఒక్క ప్రశ్నా అడగలేదు, గది దాటి బయటికి రాలేదు. దీపావళికి ముందే ఇంటికొచ్చేసింది. తెలివైన పిల్ల. ఇంకొక్క ఏడు ఆగి ఉంటే దూసుకుపోయేది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె తన మీద తనే నమ్మకం పోగొట్టుకుని తిరిగింది. ఖాళీ సీటు వల్ల ఎవరికీ నష్టం లేదు, తొందరపడి నింపిన సీటు వల్ల ఒక మనిషికి నష్టం అని అప్పుడే అర్థమైంది.

వర్లిలోని వరసగదుల చాళ్ల నుంచి వచ్చిన ఒక తెలుగు కుర్రాడి సంగతి దీనికి తలకిందులు. ఒక పేపరు తప్పాడు. ఇంట్లో మొహం చూపించలేక, వెంటనే ఏ దేశమైనా సరే పంపమన్నాడు. తప్పిన పేపరు నుంచి పారిపోవడానికి విమానం ఎక్కకూడదు, ముందు అది పాసై రా అన్నాను. కోపంతో ఊగిపోయాడు. నేను మేడంలా లేనని, గల్లీ చివర అత్తలా సాధిస్తున్నానని స్నేహితులతో చెప్పుకున్నాడట. సాధించాను మరి. పేపరు పాసై, మూడో ఏడు మొదట్లో తలెత్తుకుని వెళ్లాడు. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాడు. దారిలో కనిపిస్తే అత్తా అనే పిలుస్తాడు.

*డీన్ మేడం*

నేను చూసిన అధికారుల్లో చాలామందిని మరిచిపోయాను. మరిచిపోవడానికి వాళ్లు కూడా తగినంత సాయం చేశారు. ఒక్కరిని మాత్రం మరవలేను. ఆవిడ మా డీన్, మరాఠీ మనిషి. మాట కరుకు. ట్రస్టీలు గదిలోకి వచ్చినా కుర్చీలోంచి లేచేది కాదు. కళ్లజోడు మీదుగా చూసిందంటే పిల్లలు తమ పేరు తాము మరిచిపోయేవాళ్లు.

నేను పిల్లలతో గంటలు గంటలు ప్రయాణం గురించి మాట్లాడుతుంటే ఒకరోజు విని, తలుపు దగ్గరే నిలబడి అంది: “సరోజా, నువ్వు వెళ్లే రోజు నుంచి లెక్కపెడుతున్నావు. తిరిగొచ్చే రోజు నుంచి లెక్కపెట్టు. వచ్చాక ఆ పిల్లకు ఇక్కడ ఎంత కాలం మిగిలి ఉంటుంది? చూసొచ్చిందాన్ని ఎక్కడ వాడుతుంది?”

అంతే, వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట మీద నేను మిగతా ఉద్యోగమంతా నడిపాను. కొత్త పద్ధతి నేర్చుకున్నవాళ్లకు దాన్ని వాడిచూసే చోటు కావాలి, పక్కన నలుగురు కావాలి. చివర్లో వెళ్లొచ్చిన పిల్ల వచ్చేసరికి తోటివాళ్లంతా చెల్లాచెదురై ఉంటారు. ఆమె దగ్గర ఫోటోలు మిగులుతాయి.

ఆవిడలో లోపం కూడా చెప్పాలి. పిల్ల తడబడితే, శ్రద్ధ లేదని వెంటనే తేల్చేసేది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో తడబాటు తక్కువ, మా ఇళ్లలో ఎక్కువ. ఈ తేడా ఆవిడకు చెప్పడానికే నేను ఆ ఆఫీసులో ఉన్నానని అనుకునేదాన్ని.

*కిష్టయ్య బిడ్డ*

శ్రావణి మా గల్లీ పిల్ల. మా కాలేజీలో మైక్రోబయాలజీలో చేరింది. గల్లీ నుంచి ఆ ల్యాబు గడప తొక్కిన మొదటి పిల్ల అదే. కాలేజీలో నన్ను మేడం అనేది, ఫాక్‌లాండ్ రోడ్డు దాటి మా సందులోకి రాగానే అత్తా అనేది. వాళ్ల నాన్న కిష్టయ్య సెంట్రింగ్ మేస్త్రి. వర్లిలో మిల్లు పోయిన జాగాలో లేస్తున్న ఒక టవరు మీద అతని గుంపు పనిచేస్తోంది. తల్లి యాదమ్మ రెండు ఇళ్లలో వంట చేస్తుంది.

ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ మాకు ఏడాదికి ఒక్క సీటు ఇచ్చేది. ఖర్చంతా వాళ్లదే, ఆ బాధ లేదు. నీటిలోని సూక్ష్మజీవుల మీద ల్యాబు కోర్సు, జనవరిలోనే మొదలవుతుంది. అంటే రెండో ఏడు చివరి సగంలో వెళ్లాలి. అప్పుడు వెళ్లకపోతే మళ్లీ జనవరి వచ్చేసరికి ఆఖరి సెమిస్టర్. ఆఖరిదానికి అనుమతి లేదు. శ్రావణికి ఉన్నది ఒక్క అవకాశమే, అది ఈ జనవరే. ల్యాబులో ఆమె చేయి చూసిన టీచర్లంతా ఆమె పేరే చెప్పారు.

సెలక్షన్ రోజున డీన్ మేడం అడిగింది: “ఏ సెమిస్టర్‌లో వెళ్తావు?”

శ్రావణి నేల చూస్తూ, “ఆఖరిది” అంది.

ఆఖరిదానికి కుదరదని ఆ పిల్లకు తెలుసు, నేనే చెప్పాను. డీన్ మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నియమాలు కూడా చదవలేదు. తర్వాతి పేరు చూడు సరోజా” అంది. సోమవారం దాకా ఆగమని బతిమాలాను. ఆవిడకు బతిమాలడం నచ్చదు. “సోమవారం పన్నెండింటికి. ఒక్క నిమిషం దాటినా వేరే పిల్లే” అంది.

ఆదివారం వాళ్ల చాల్‌కి వెళ్లాను. గ్యాలరీలో నీళ్ల డ్రమ్ముల పక్కన చాప వేసుకుని కిష్టయ్య వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. లోపల యాదమ్మ మటన్ మీద మూత పెడుతోంది.

“రాక్కా, కూసో. ఏమన్న తప్పు జేసిందా పోరి?”

“తప్పు గాదు తమ్మీ. ఆఖరి సెమిస్టర్‌ల పోత అన్నది, గప్పుడు పంపరని దెలిసి గూడ. గట్ల అనుమని ఎవరు జెప్పిన్రు?”

“నేనే జెప్పిన” అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. “నడిమిట్ల ఇడిసిపెట్టి పోవుడు ఏం పద్ధతి అక్కా? స్లాబ్ పడుతుంటే ఎవడన్న ఊరికి పోతడా? పని ఖతం జేసి పోవాలె.”

మా కామాటీల ఇళ్లలోనే పుట్టే పొరపాటు ఇది. సైటు మీద పెరిగిన మనిషికి సుట్టికి, అంటే సెలవుకి, ఒక్కటే నియమం. స్లాబ్ పడ్డాక వెళ్లినవాడికి చోటు ఉంటుంది, మేస్త్రి మాట తీసుకోకుండా మధ్యలో వెళ్లినవాడి చోట్లో మర్నాడే ఇంకొకడు నిలబడతాడు. కాలేజీ కూడా అంతే అనుకున్నాడు కిష్టయ్య. బిడ్డ మధ్యలో వెళ్తే ఆమె బెంచీ మీద ఇంకో పిల్ల కూర్చుంటుందని, తిరిగొచ్చాక లోపలికి రానివ్వరని.

“నా సంగతే జూడు” అన్నాడు. “వయసుల ఉన్నప్పుడు నాయ్నకు పానం బాగలేదంటే నడిమిట్ల పోయిన. మళ్ల వస్తే నా జాగల ఇంకొకడు. మేస్త్రి మొకం గూడ సూడలె. నాగ్‌పాడా కూలీల నాకా మీద ఎన్ని పొద్దులు నిలబడ్డనో, ఎవడన్న పనికి పిలుస్తడేమో అని. నా బిడ్డ గట్ల నిలబడొద్దు.”

నేనూ మేస్త్రి కూతుర్నే కదా, తెలివి చూపిద్దామని డిగ్రీ అంటే ఆరంతస్తుల బిల్డింగనీ, ఒక అంతస్తు వేరేవాళ్లు పోసినా బిల్డింగు మనదేననీ మొదలుపెట్టాను. కిష్టయ్య వెల్లుల్లి పక్కన పెట్టి నవ్వాడు. “అక్కా, బిల్డింగు సంగతి నాకు జెప్పకు. నడిమి అంతస్తు ఇంకో గుంపు పోస్తే ఆ బిల్డింగుల నేనైతే ఉండ.” లోపల్నుంచి యాదమ్మ కూడా నవ్వింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఒక మేస్త్రికి ఇల్లు కట్టడం గురించి చెప్పి చూడు అని కూడా చేర్చాలి.

అప్పటిదాకా గ్రిల్లు పట్టుకుని నిలబడ్డ శ్రావణి ఇటు తిరిగింది. ఆ పిల్ల బయట పూర్తిగా మరాఠీయే. ఇంట్లో మూడు భాషలూ కలిపేస్తుంది.

“నాయ్నా, నాకు పోవాలనే ఉంది. ఝూట్ చెప్పను. పణ్ ఆఖర్ల పంపినా ఏం ఫాయిదా? నేను వచ్చేసరికి అందరు పోయినుంటరు. నేర్చుకున్నది ఎవరికి చూపియ్యాలె? ల్యాబ్‌ల మళ్ల నాకు ఒక్క దినం గూడ ఉండదు. ఇప్పుడు పోతే వాపస్ వచ్చి ఇంకో సాల్ చేస్త.”

ఆ మాట నేను ఆమెకు నేర్పలేదు. డీన్ మేడం తలుపు దగ్గర నిలబడి నాకు చెప్పిన మాటను, ఆ పిల్ల తనంతట తనే వెతికి పట్టుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా తుడుచుకున్నాను.

కిష్టయ్య చేతులకంటిన వెల్లుల్లి పొట్టు దులుపుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు: “జాగ ఉంటదని ఎవరు జెప్తరు?”

“కాలేజీ నుంచి కాయితం ఇప్పిస్త” అన్నాను.

“కాయితం నాకొద్దక్కా. కాయితాలు శానా జూసిన. మేస్త్రి నోటితోని జెప్పాలె. మీ కాలేజిల మేస్త్రి ఎవరు?”

*కాలేజీ మేస్త్రి*

సోమవారం కిష్టయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో ఒక గుడ్డ సంచి. పక్కన శ్రావణి. దారి పొడవునా నేను డీన్ మేడం ఎలా మాట్లాడుతుందో చెబుతూనే ఉన్నాను. అతను వినలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పరిస్థితి.

గదిలోకి వెళ్లాక కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి శ్రావణి ల్యాబు కోటు తీశాడు. యాదమ్మ ఉతికి ఇస్త్రీ చేయించి పంపింది. దాన్ని రెండు చేతులతో డీన్ మేడం ముందుకు చాచాడు.

డీన్ మేడం మొహం ముడుచుకుంది. “అంటే, పిల్లను చదువే మాన్పిస్తున్నారా?” అని నన్ను అడిగింది. శ్రావణికి కూడా అర్థం కాలేదు, భయపడిపోయింది.

నాకు అర్థమైంది. మా నాన్న గుంపులో చిన్నప్పుడు చూశాను. పని మధ్యలో సుట్టి మీద ఊరికి పోక తప్పనివాడు తన తాపీనో సుత్తినో మేస్త్రి చేతికి ఇస్తాడు. మేస్త్రి తీసుకున్నాడంటే చోటు ఉన్నట్టు, వచ్చి ఆ పనిముట్టు తీసుకుని పనిలోకి దిగవచ్చు. తీసుకోకపోతే మళ్లీ రానక్కర్లేదని. ఆ గుంపులో దీనికి మించిన రాతకోత లేదు. ఒకసారి చేతిలోకి తీసుకుని మాట తప్పిన మేస్త్రి దగ్గరికి తర్వాత ఎవరూ పనికి రారు. ఇదంతా మరాఠీలో డీన్ మేడంకి చెప్పాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని కిష్టయ్యను చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచింది. ట్రస్టీలకు లేవని మనిషి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ కోటును రెండు చేతులతో తీసుకుంది. తన బీరువా తెరిచి, తన స్నాతకోత్సవ గౌను పక్కన తగిలించింది. “జగహ్ ఇసీకీ హై. లౌట్‌కే ఆయేగీ తో ముఝ్‌సే లే లేగీ” అంది. చోటు ఈ పిల్లదే, తిరిగొచ్చి నా దగ్గర తీసుకుంటుంది అని.

“బస్” అన్నాడు కిష్టయ్య. నమస్కారం పెట్టి, బిడ్డ తల మీద ఒకసారి చెయ్యి వేసి, సైటుకు వెళ్లిపోయాడు. డీన్ మేడం శ్రావణిని తిరిగి అడిగింది, ఏ సెమిస్టర్ అని. “నాలుగోది” అని ఈసారి పైకి చూసి చెప్పింది.

*కొత్తగా వచ్చేవాళ్లకు*

ఇది చదివి, పిల్లలందరినీ నాలుగో సెమిస్టర్‌లోనే పంపాలని గోడ మీద రాసుకోకండి. ఇంట్లో మనిషికి బాగాలేనప్పుడు బలవంతంగా పంపకండి. అసలు వెళ్లనక్కర్లేని పిల్లలు ఉంటారు, వాళ్లను తక్కువగా చూడకండి. మీ ఆఫీసుకు పేరొస్తుందని ఎవరినీ తోలకండి. ఎవరో వెళ్తున్నారని వెళ్తానన్నవాణ్ణి కాస్త ఆపండి.

ఇళ్లకు వెళ్లండి. ఇప్పటివాళ్లు అంతా ఫోనులోనే తేల్చేస్తున్నారు. ఫోనులో కిష్టయ్య “ఆఖర్ల పోతది” అని పెట్టేసేవాడు, మీరు ఆ పిల్లకు శ్రద్ధ లేదని రాసుకునేవాళ్లు. ప్రతి ఇంట్లోనూ, మాట అంటే ఇదీ అని నమ్మేది ఒకటి ఉంటుంది. అది మీ కాగితం కాకపోవచ్చు. అదేమిటో కనుక్కునేదాకా మీ పని మొదలుకానట్టే. నాకు తెలిసినవాళ్లలో గొప్ప డిగ్రీలున్న సలహాదారులు చాలామంది ఉన్నారు. చాల్ మెట్లు ఎక్కినవాళ్లు తక్కువ. నేను ఎక్కాను, ఆ మాట గర్వంగానే చెబుతాను.

శ్రావణి జనవరిలో వెళ్లింది. మంచులో జారిపడి నవ్వుతున్న వీడియో పంపితే గల్లీ అంతా చూసింది. వేసవిలో తిరిగొచ్చింది. జూన్‌లో కాలేజీ తెరిచాక, ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ ఫోన్ చేసి, మీ మనిషెవరో ల్యాబు కారిడార్‌లో నిలబడ్డాడు, లోపలికి వెళ్లమంటే వెళ్లడం లేదు అన్నాడు. పైకి వెళ్లాను.

కిష్టయ్య. సైటు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెప్పుల మీద ఎండిన సిమెంటు. అద్దం తలుపులోంచి లోపలికి చూస్తున్నాడు. లోపల శ్రావణి, డీన్ మేడం దగ్గర తిరిగి తీసుకున్న ఆ తెల్లకోటు వేసుకుని తన బెంచీ దగ్గర నిలబడి ఉంది. చుట్టూ ముగ్గురు నలుగురు తోటిపిల్లలు. అక్కడ నేర్చుకొచ్చిన పద్ధతేదో చేసి చూపిస్తోంది, వాళ్లు వంగి చూస్తున్నారు. టీచర్ కూడా చేతులు కట్టుకుని వెనక నిలబడి వింటోంది.

“జాగ ఉన్నదక్కా” అన్నాడు కిష్టయ్య నన్ను చూసి. “ఆడనే ఉన్నది.”

“ఎండల పడి గింత దూరమొచ్చినవు, బిడ్డను పిలుస్త ఆగు” అని తలుపు మీద చెయ్యి వేశాను.

అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“వద్దక్కా, పిలువకు. పనిల ఉన్నది.”